అందరూ తిన్నాక

ఈ విషయం మా ఆయనకు తెలియదు. నా కొడుక్కు తెలియదు. మా అత్తమ్మ పోయి ఆరేళ్లు దాటింది. ఆ ఆరేళ్లూ, అంతకుముందు ఆమె మంచంలో ఉన్న రెండేళ్లూ దీన్ని నేనొక్కదాన్నే మోశాను. ఊళ్లో నన్ను మంచి కోడలంటారు. ఎవరింట్లోనైనా కోడలు అత్తకు ఎదురు తిరిగితే నా పేరు చెప్పి బుద్ధి చెబుతారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అక్కణ్నుంచి లేచి వచ్చేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నకిరేకల్‌కు దగ్గరి పల్లె. నిమ్మతోట, కొంత పత్తి. పదిహేడేళ్ల వయసులో ఆ ఇంటికి వచ్చాను. మా అమ్మగారింట్లో ఆకలైతే తినేవాళ్లం. అంతే. ఆకలికి కూడా ఒక వరస ఉంటుందని నాకు తెలియదు.

వచ్చిన నాలుగో రోజు. పొద్దటి నుంచి పత్తి ఏరి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచంలో ఇంత అన్నం పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ వచ్చి నా ముందున్న కంచం తీసేసింది. అరవలేదు, తిట్టలేదు. చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు నవ్వుతూ చెప్పింది.

"అందరు తిన్నంక తినాలె బిడ్డా. ఆడిదాని ఆకలి ఆగుతది."

ముందు మామ, తర్వాత మా ఆయన, ఎవరైనా చుట్టాలొస్తే వాళ్లు, ఆ తర్వాత అత్తమ్మ, చివరికి నేను. నేను రాకముందు ఆ చివరి జాగా ఆమెది. నేను వచ్చాక ఆమె ఒక మెట్టు పైకి జరిగింది. కూర గిన్నె నాదాకా వచ్చేసరికి అడుగున నూనె మిగిలేది. అందులోనే అన్నం వేసి కలుపుకునేదాన్ని. ఏడో నెల కడుపుతో పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. లేపి నీళ్లు తాగించింది. మళ్లీ అదే వరస.

ఎదురెందుకు చెప్పలేదు? భయపడ్డానా? మొదట్లో భయమే కావచ్చు, కానీ కొన్నాళ్లకు అది నాకు కష్టంగా కూడా అనిపించలేదు, పైగా మధ్యాహ్నం రెండింటి దాకా తినకుండా పని చేయగలగడం నా మంచితనమని నేనే నమ్మి, చుట్టాల ముందు నాకప్పుడే ఆకలి కాదని గొప్పగా చెప్పుకునేదాన్ని. లోపల మాత్రం ఒకటి చల్లారలేదు. ఒకనాటికి ఈమె నా చేతి అన్నం కోసం ఎదురుచూడాలి. గిన్నెలు తోముతూ అనుకునేదాన్ని. దేవుడికి దీపం పెడుతూ కూడా అనుకునేదాన్ని.

ఆ రోజు వచ్చింది. తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఎండాకాలంలో, అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఒకటి రెండు మాటలు తప్ప నోట్లోంచి రావు. నల్గొండ దవాఖానలో కొన్నాళ్లుంచి ఇంటికి తెచ్చాం. మామ అప్పటికే లేడు. కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. మా ఆయన పొద్దున్నే తిని తోటకు పోయేవాడు. ఇంట్లో మిగిలింది ఆమె, నేను.

ఆమెకు రోజూ స్నానం చేయించాను. బట్టలు మార్చాను. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకున్నది అందుకే. అదేదీ అబద్ధం కాదు. నా పగంతా అన్నం దగ్గర.

వంట ఎనిమిదింటికే అయిపోయేది. ఆమెకు పెట్టేదాన్ని కాదు. మధ్యాహ్నం ఆమె మంచానికి ఎదురుగా పీట వేసుకుని నేను తినేదాన్ని, మెల్లగా, ఒక్కో ముద్దా కలుపుకుంటూ. ఆమె కళ్లు నా కంచం మీద ఉండేవి. నాకు బాగుండేది. నిజమే చెబుతున్నాను. నా జన్మలో అన్నం అంత రుచిగా ఎప్పుడూ లేదు. తర్వాత గిన్నెలన్నీ కడిగి, వాకిలి ఊడ్చి, అప్పుడు ఆమెకు అడుగున మిగిలిన అన్నం, పలుచటి చారు. ఒక్కోరోజు నాలుగయ్యేది. ఒక్కోరోజు ఆ ఒక్క పూటే. మా ఆయన తోట నుంచి వచ్చి అమ్మ తిన్నదా అని అడిగితే, తిన్నదని చెప్పేదాన్ని.

ఆ ఏడు దసరా నాడు మటన్ వండాను. మా ఆయన తిని బయటికి వెళ్లాడు. నేను కంచం పట్టుకుని ఎప్పట్లాగే ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె పెదవులు కదిలాయి. చాలాసేపటికి మాట బయటికొచ్చింది.

"ఆకలి..."

ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్న మాట అప్పుడు బయటికి తీశాను.

"అందరు తిన్నంక, అత్తమ్మా."

ఆమె మొహంలోకి చూశాను. సిగ్గు పడుతుందనుకున్నాను. కనీసం కన్నీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. నన్నేం చేసిందో గుర్తు రావాలి, అది నేను కళ్లారా చూడాలి.

ఆమె తల ఊపింది. అవునన్నట్టు, న్యాయమే అన్నట్టు. ఎడమ చెయ్యి కొద్దిగా లేపి నా కంచం వైపు చూపించింది.

"తిను బిడ్డా."

అని, తింటున్న మనిషిని చూడకూడదన్నట్టు మొహం గోడవైపు తిప్పుకుంది.

అది క్షమించడం కాదు. క్షమించాలంటే ముందు తప్పు జరిగిందని అనుకోవాలి. ఆమె అలా అనుకోనే లేదు. చేతకాని మనిషి అందరికంటే చివర తినాలి, తన వంతు మళ్లీ వచ్చింది, అంతే. నా కంచం తీసేసిన రోజు కూడా ఆమెకు అది పాపమని తెలియదన్నమాట. ఆమె అత్త ఆమెకు నేర్పింది, ఆమె నాకు నేర్పింది. అవతలి మనిషికి తెలియనప్పుడు అది పగ తీరడం ఎట్లా అవుతుంది?

అక్కడ ఆగి ఉంటే నేను ఇంకో మనిషినయ్యేదాన్ని. ఆగలేదు. నా కోపం ఇంకా పెరిగింది. ఆమెను ఎట్లాగైనా ఏడిపించాలనుకున్నాను. ఇంకా ఆలస్యం చేశాను, ఇంకా తక్కువ పెట్టాను. ఆమె ఏడవలేదు.

ఆమె ఎముకలు తేలాక మా ఆయన కంగారుపడి కారు కిరాయికి మాట్లాడి దవాఖానకు తీసుకెళ్లాడు. సరిగ్గా తింటోందా అని డాక్టరు నన్నే అడిగాడు.

"ఎంత బతిమిలాడినా తింటలేదు సార్."

ఆమె పక్కనే పడుకుని వింటోంది. కాదని తలైనా అడ్డంగా ఊపలేదు. డాక్టరు టానిక్ రాసిచ్చాడు. మా ఆయన ఆమె తల నిమురుతూ, జర తినమని బతిమిలాడాడు. తిననిది ఆమే అన్నట్టు.

మంచాన పడ్డ రెండేళ్లకు, వానాకాలంలో పోయింది. మూడో నాడు పిట్టకు పెట్టాం. ఆకులో అన్నం, ఆమెకు ఇష్టమైన కోడికూర పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఆ తర్వాతే మిగతావాళ్లకు వడ్డన. కాకి వెంటనే వచ్చి ముట్టింది. ముసలిదానికి ఏ కొరతా లేదు, కోడలు మంచిగ అర్సుకున్నదని ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దేనికి ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

పోయిన ఏడు మా కొడుకు పెళ్లయింది. కోడలు ఉద్యోగం చేస్తుంది. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఇంకా మా ఆయన కూడా తినకముందే, కంచంలో అన్నం పెట్టుకుని నా ముందే కూర్చుంది. నాకు ఒళ్లు భగ్గుమంది. నా చెయ్యి ఆ కంచం వైపు కదిలింది. ఆ పిల్ల నేను కూర అందుకుంటున్నాననుకుని గిన్నె నా వైపు జరిపింది.

"మీరు గూడ కూసోండ్రి అత్తమ్మా. ఆకలైతలేదా?"

ఆకలవుతోంది. కాలేదని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. పొయ్యి దగ్గర నిలబడి నా చేతిని చూసుకున్నాను. ఎవరి మీద పగ తీర్చుకున్నాను నేను?

క్షమించమని ఎవరినీ అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఉన్నా ఆమెకు నేనేం అడుగుతున్నానో అర్థం కాదు. పైగా ఆమె మీద నా కోపం పూర్తిగా పోయిందని కూడా ప్రమాణం చేయలేను. ఏడో నెలలో కళ్లు తిరిగి పడ్డ ఆ పిల్ల ఇంకా నాలోనే ఉంది.

కానీ ఒక్క అబద్ధాన్నైనా దించుకోవాలి. మా అత్తమ్మ తినలేక చిక్కిపోలేదు. తినేది. అడిగేది కూడా. నేను పెట్టలేదు.