డ్యూటీ దిగాక బెల్లం ముక్క

చీమకుర్తి క్వారీలో డ్యూటీ దిగే ప్రతివాడికీ సూపర్‌వైజరు గది ముందు ఓ బెల్లం ముక్క ఇచ్చేవారు. అది తింటే గొంతులో పేరుకున్న రాతిపొడి కిందికి జారిపోతుందని అందరి నమ్మకం. డ్రిల్లు పట్టినన్నాళ్లూ మా నాన్న తిన్నాడు. ఇప్పుడు మంచం దిగి వాకిట్లోకి రావడానికే ఆయాసపడతాడు. అయినా తప్పు తనదేనంటాడు.

"మిరపకోతలప్పుడు మీ అమ్మకి సాయం పోవాలని ఒక్కోరోజు బెల్లం తినకుండానే పరిగెత్తుకొచ్చేవాణ్ణిరా. అందుకే ఇట్టయింది."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మొన్న ఒంగోలులో ఆయన ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు, "బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండూ ఎక్కడ కలుస్తాయయ్యా? డ్రిల్లు దగ్గర నీళ్లు పెట్టరా?" అని అడిగారు.

పెట్టరు. నీళ్లు పోస్తూ తొలిస్తే పొడి బురదై కిందే ఉండిపోతుంది. కానీ పని నిదానమవుతుందని డ్రిల్లుకుండే నీళ్ల పైపులు ఎప్పుడో ఊడదీశారు. ట్యాంకరు మాత్రం రోజూ వచ్చి రోడ్డు తడిపి పోయేది. రాయి కొనడానికి వచ్చేవాళ్ల కార్లకు దుమ్ము అంటకూడదు గదా.

ఇప్పుడు అదే క్వారీలో నాతో డ్రిల్లు పట్టే ఒడిశా కుర్రాడికి ఇదంతా చెప్పాను. అతను మిగతావాళ్లకు చెప్పాడు. ఆ సాయంత్రం ఒక్కరూ బెల్లం ముట్టలేదు.

"ఏరా, అందరికీ ఒకేసారి షుగరొచ్చిందా?" అని నవ్వాడు సూపర్‌వైజరు.

"మీరే తినండి సార్," అన్నాను నేను. " రేపు డ్రిల్లు పక్కన నిలబడి, ఆ పొడి పీల్చి తినండి. పైపులు పెట్టిందాకా మేం మిషను ముట్టం."

"మీ నాన్న ఏనాడూ ఇట్టా ఎదురు మాట్లాడలేదు."

"అందుకే మంచంలో ఉన్నాడు సార్."

రేపట్నుంచి రావొద్దన్నాడు నన్ను. "అయితే నేనూ రాను," అన్నాడు ఒడిశా కుర్రాడు, వచ్చీరాని తెలుగులో. వెనకున్నవాళ్లూ అదే అన్నారు.

మర్నాడు అందరం వచ్చాం, కానీ పని చేయడానికి కాదు. డ్రిల్లులకు గాలి కొట్టే కంప్రెసరు వేయకుండా వాటి పక్కన కూర్చున్నాం. భయం వేయలేదంటే అబద్ధం. పని పోతే నాన్నకు మందులు ఎట్లా అన్న ఆలోచన వదల్లేదు. అయినా లేవలేదు. రాయి కదలక క్రేను ఆగింది, లారీలు బారులు తీరాయి. సూపర్‌వైజరు ఫోను మీద ఫోను మాట్లాడాడు. మధ్యాహ్నానికి రోడ్డు తడిపే ట్యాంకరు మేం రాయి తొలిచే గోతిలోకి దిగింది. పైపులు మేమే బిగించుకుని డ్రిల్లు వేశాం.

ఇంటికెళ్లేసరికి నాన్న ఎప్పట్లాగే, "బెల్లం తిన్నావా?" అన్నాడు.

"లేదు. డ్రిల్లుకి నీళ్లు పెట్టించాం."

"అడిగితే పెట్టారా?"

"అడిగితే పెట్టలేదు. పని ఆపితే పెట్టారు."

నా చేతులకంటిన బురదను వేలితో తాకి చూశాడు. తప్పు తనదని ఆ తర్వాత నాన్న మళ్లీ అనలేదు.