గవదలతో చెప్పిన శోషరస పాఠం

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ కాలంలో డిగ్రీ చదివినవాడంటే ఊళ్లో అందరికీ గౌరవమే గానీ, ఆ డిగ్రీ దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ తెలిసేది కాదు. నేను చదివింది జంతుశాస్త్రం. నంద్యాలలో మా నాయనకు వేరుశనగ నూనె, పశువుల మేతకు వాడే చెక్కల అంగడి ఉండేది. నేను పట్టా పుచ్చుకుని వచ్చిన రోజున ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కప్పల్ని కోసేదానికి మద్రాసు దాకా పోవాల్నారా? మన కుందూ ఏట్లో కావాల్సినన్ని ఉండాయి కదా!” అన్నాడు. ఆయన దృష్టిలో మగవాడికి తగిన చోటు ఒక్కటే: అంగట్లో తక్కెడ పక్కన పరిచిన చాప. నా దృష్టిలో ఆ చాప ఒక చెరసాల. చెక్కల దుమ్ములో, నూనె జిడ్డులో బతుకంతా కూర్చోవడం తలచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. అందుకే ఆళ్లగడ్డ హైస్కూల్లో సైన్సు అయ్యవారి ఉద్యోగం దొరికిందనగానే, అది తాత్కాలికమని తెలిసి కూడా, పెట్టె సర్దుకుని బస్సెక్కేశాను. బస్సు కదిలే ముందు మా నాయన కిటికీ దగ్గరికొచ్చి, “సరే పో. ఖాయం చేస్తే ఆడ్నే ఉండు. చెయ్యకుంటే మాత్రం మారు మాట్లాడకుండా వచ్చి అంగట్లో కూర్చోవాల, తెలిసిందా?” అన్నాడు. నేను తల ఊపాను. కుర్రతనంలో తల ఊపడం ఎంత సులువో!

ఉద్యోగం ఖాయం కావాలంటే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా పాఠం విని మెచ్చుకోవాలి. ఆయన మకాం నంద్యాల, పుట్టింది కోస్తాలో. ఆయన గురించి అందరూ చెప్పే మాట ఒకటే: పాఠంలో ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లిందా, ఆ అయ్యవారు ఇంటికే. పరిభాష అచ్చంగా మన భాషలో, నిండుగా, గంభీరంగా పలకాలట. నాకేమో లింఫ్, టాన్సిల్, యాంటీబాడీ తప్ప వేరే మాటలు తెలియవు. పైగా ఆయన వచ్చే రోజుకు నా వంతు పాఠం సరిగ్గా అదే, ఒంట్లో రోగాలను ఎదుర్కొనే ఏర్పాట్లు. ఇక దిక్కు ఎవరు? మా తెలుగు పండితుడి కాళ్ల మీద పడ్డాను. (మాట వరసకి. ఆయన కాళ్లు ఎప్పుడూ బల్ల కిందే ఉండేవి.)

పండితుడు ఈ పని కోసమే పుట్టినవాడిలా ఉత్సాహపడ్డాడు. “లింఫ్ అంటే ఏందప్పా?” అన్నాడు. ఒంట్లో రక్తంతో పాటు పారే ఒక రకం నీరని చెప్పాను. “నీరా! ఛీ, నీరు మరీ నేలబారు మాట. శోషరసం అనాల” అన్నాడు. అది పుస్తకంలో ఉన్న మాటేనని తర్వాత తెలిసింది గానీ, ఆ నిమిషంలో దాన్ని ఆయనే కన్నట్టు మురిసిపోయాడు. ఆ తర్వాత ఇద్దరం రోజూ సాయంత్రం బడి వదిలాక కూర్చున్నాం. పుస్తకంలో ఉన్నవి కొన్ని, ఆయన బుర్రలోంచి ఊడిపడ్డవి కొన్ని. శోషరస గ్రంథులు, ప్లీహము, ప్రతిదేహములు, అసంక్రామ్యత. సూక్ష్మజీవుల్ని మింగేసే తెల్ల కణానికి ఆయన పెట్టిన పేరు ‘సూక్ష్మజీవి భక్షక శ్వేత కణము’. దాన్ని ఒక్క ఊపిరిలో పలకగలిగిన రోజున నాకు సగం ఉద్యోగం ఖాయమైపోయినట్టే అనిపించింది. పిల్లలకు కూడా అవే మాటలు ముక్తకంఠంతో వల్లె వేయించాను. అహోబిలం బస్సు కోసం రోడ్డు మీద నిలబడిన ఒక పెద్దాయన, లోపల ఏదో సహస్రనామం జరుగుతోందనుకుని, కిటికీ దగ్గరికొచ్చి కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. నేను పొంగిపోయాను. ఆ పొంగులోనే ముందు బెంచీ వాణ్ణి, “శోషరస గ్రంథులు ఎక్కడుంటాయిరా?” అని అడిగాను. వాడు ఏమాత్రం తడుముకోకుండా, “పుస్తకంలో సార్!” అన్నాడు. వాణ్ణి గదమాయించి కూర్చోబెట్టాను గానీ, తప్పు ఎవరిదో ఆలోచించే తీరిక నాకు లేదు.

అంతలో ఊళ్లో గవదలు మొదలయ్యాయి. మా క్లాసులో రోజుకొకడు చెంపలు ఉబ్బించుకుని ఇంటికి పోవడం, కొన్నాళ్లకు చిక్కిపోయి తిరిగి రావడం. ఇన్‌స్పెక్షను రేపనగా పొద్దున లేచేసరికి నా చెవుల కింద సలుపు. అద్దంలో చూసుకుంటే నా మొహం ఉన్నచోట ఇంకెవరిదో గుండ్రటి మొహం ఉంది. నేను అద్దెకున్న ఇల్లు ఒక రైతు కుటుంబంలోని అవ్వది. నన్ను చూడగానే ఆమె లోపలికి పోయి, సున్నమూ పసుపూ కలిపిన ఎర్రటి ముద్ద ఒక చేత్తో, తన పెళ్లినాటి బంగారు గుండ్ల దండ ఇంకో చేత్తో పట్టుకొచ్చింది. మా వైపు గవదలు వచ్చినవాళ్ల మెడలో బంగారం వేయడం ఆచారం. బంగారం తగిలితే వాపు తగ్గుతుందని నమ్మకం.

“అవ్వా, బంగారానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఒంట్లో పుట్టే...” అని మొదలుపెట్టాను. దవడ తెరుచుకోలేదు.

“గమ్మునుండు. సదువుకున్నోనికి గవదలు రాకుండా ఆగినాయా? తల వంచు.”

వంచాను. మర్నాడు బడికి పోకూడదనే అనుకున్నాను. కానీ హెడ్‌మాస్టరు గారు మనిషిని పంపారు. నేను రాకపోతే ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ ఏడాది దాకా రారనీ, ఈలోగా నా తాత్కాలికం గడువు తీరిపోతుందనీ ఆ కబురు సారాంశం. అంగట్లో చాప కళ్ల ముందు ఆడింది. మఫ్లరు చుట్టుకుని, లోపల గుండ్ల దండతో బయల్దేరాను. వెనకాలే చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే అవ్వ.

“నువ్వు యాడికవ్వా?”

“నీ మీద అనుమానం కాదు నాయనా. బంగారు ఒంటిగా బయటికి పోవడం మా ఇంట్లో లేదు” అంది. బడికొచ్చి, క్లాసు గుమ్మం పక్కన వరండాలో, నా మెడ కనపడే చోటు చూసుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నల్ల కోటు, తలపాగా, భారీ విగ్రహం. కుర్చీలో కూర్చుని, “శోషరస వ్యవస్థ. ప్రారంభించండి మాస్టారూ” అన్నారు. ఆ మాట ఆయన నోట్లో ఎంత సుఖంగా పలికిందో చూసి నాకు కన్నీళ్లొచ్చాయి. నేను నోరు తెరిచాను. “శో...” అన్నాను. చెవి దగ్గర్నుంచి నెత్తి దాకా మంట లేచింది. ‘ష’ దాకా పోనేలేదు. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అంతే. క్లాసంతా నన్నే చూస్తోంది. పెదాలు కొంచెం మాత్రమే కదిపి పలకగల మాట ఏముందా అని వెతుక్కుంటే, చిన్నప్పటి మాట ఒకటి దానంతటదే బయటికొచ్చింది.

“బిళ్లలు” అన్నాను. “గజ్జల్లో బిళ్ల కడతాది చూడండి. అది.”

వెనక బెంచీలో నిద్రపోతున్నవాడు లేచాడు. “కాలికి ముల్లు గుచ్చుకుంటే కడతాది సార్!” అని ఒకడు. “చేతికి పుండయితే సంకలో గూడా సార్!” అని ఇంకొకడు.

“ఆ. ఎందుకు? ముల్లుతో చెడు లోపలికి పోతాది. అది పోయే దావలో కాపలా ఉంటాది. ఆడ పట్టుకుంటారు. కొట్లాట. అందుకే వాపు.”

“చాగలమర్రి చెక్‌పోస్టు కాడ లారీలను నిలబెట్టి చూస్తారే, అట్లనా సార్?”

“అట్లనే.” నా ఉపాధ్యాయ జీవితంలో మొదటిసారి క్లాసు మొత్తం ముందుకు వంగింది. నాకు అది గమనించే స్థితి లేదు. నేను చూస్తున్నది ఇన్‌స్పెక్టరు గారి మొహం. అది ఎర్రబడుతోంది.

“ఇదేం భాష మాస్టారూ! పరిభాష ఏదీ? పోనీ, అసంక్రామ్యత అంటే ఏమిటో చెప్పండి, వింటాను” అన్నారు.

ఆ మాట పలకడం దేవుడెరుగు, తలచుకుంటేనే దవడ నొప్పెట్టింది. వేరే దారి లేక నా చెంప చూపించి, “గవదలు వచ్చిపోయినోళ్లు చేతులెత్తండి” అన్నాను. దాదాపు అందరూ ఎత్తారు. “మీకు నాతో భయం లేదు. ఒగసారి వచ్చిపోతే ఒళ్లు గుర్తు పెట్టుకుంటాది. మళ్లా రానియ్యదు. ఎత్తనోళ్లు లేచి దూరంగా పోండి.” (గవదలు లాలాజల గ్రంథులకు వచ్చేవి, గజ్జల్లో బిళ్లలు వేరు. ఆ తేడా వివరించే ఓపిక ఆ రోజు నాకు లేదు. తర్వాత సరిచేశాను.) ఇద్దరు ముగ్గురు లేచి వెనక గోడ దగ్గరికి పోయారు. అప్పుడు ముందు బెంచీ వాడు, ఆ ‘పుస్తకంలో సార్’ అన్నవాడే, ఎత్తిన చెయ్యి దించకుండా, “సార్, పెద్ద సారు చెయ్యెత్తలేదు” అన్నాడు.

అందరి తలలూ ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగాయి. వరండాలోంచి అవ్వ గొంతు వినపడింది. “ఏమప్పా, నీకు సిన్నప్పుడు గవదలు రాలేదా?”

ఆయన ఆవిణ్ణి ఎవరో అధికారిణి అనుకున్నారేమో, లేచి నిలబడి, “గుర్తు లేదండీ” అన్నారు.

“వచ్చింటే గుర్తు లేకుండా యాడికి పోతాది? మీయమ్మ మెడకు బంగారు ఏసిందా?”

“లేదు.”

“అట్లయితే రాలేదన్నమాట. మరి ఈడేం పని నీకు? పిల్లోళ్లకొస్తే సెంపల్లోనే ఉంటాయి. పెద్ద మొగోళ్లకొస్తే ఆడ నిలబడవు, కిందికి దిగుతాయి. పో నాయనా, బేగా పో.”

‘కిందికి’ అన్నప్పుడు అవ్వ చెయ్యి కూడా కిందికి చూపించింది. ఇన్‌స్పెక్టరు గారు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఒకడుగు వెనక్కి వేశారు. తర్వాత రెండో గుమ్మం గుండా, ఆ విగ్రహానికి తగని వేగంతో వెళ్లిపోయారు. ఆయన కోసం కొట్టించిన ఎళనీరు బోండాం చేతుల్లో పట్టుకుని హెడ్‌మాస్టరు గారు రోడ్డు దాకా పరిగెత్తారు. అప్పటికే నంద్యాల బస్సు కదిలింది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆయన పాఠం గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. మధ్యలోనే పారిపోయిన మనిషి నా ఉద్యోగం ఎందుకు ఖాయం చేస్తాడు? కొన్ని వారాల తర్వాత, నా వాపు తగ్గాక, నంద్యాల వచ్చి కనపడమని కబురొచ్చింది. ముందు మా అంగడికే పోయాను. మా నాయన చాపలో కొంచెం జరిగి కూర్చుని, పక్కన ఖాళీ చూపించి, “ఈడ కూర్చో. తక్కెడ పట్టేది రేపు నేర్పిస్తా” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కాస్త జాలి ఉంది. అది ఇంకా బాధించింది.

ఇన్‌స్పెక్టరు గారింట్లో ఆయన భార్య నవ్వు ఆపుకుంటూ లోపలికి పంపింది. ఆయన మంచం మీద ఉన్నారు. చెంపలు రెండూ ఉబ్బి కళ్లు పూడిపోయాయి. నన్ను చూసిన చూపుకు నా మీద నాకే జాలేసింది. “సార్, నా ఉద్యోగం...” అన్నాను. ఆయన నోరు తెరిచారు. “అసం...” అని దవడ పట్టుకున్నారు. ఈసారి “పరి...” అన్నారు. మళ్లీ దవడ పట్టుకున్నారు. ఆ పెద్ద మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కడకు, పెదాలు కదిలీ కదలకుండా, “ఉంది. పో” అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఇంకొక్క మాట: “పిల్లలకి తెలిసింది.”

మా నాయన వార్త విని, చాపలో నాకోసం ఖాళీ చేసిన చోటికి మళ్లీ జరిగి కూర్చున్నాడు. తర్వాత ఒక డబ్బా నూనె కట్టించి, “ఆ అవ్వకు ఇయ్యి” అన్నాడు. ఆళ్లగడ్డ బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. అంత సంతోషం తర్వాత ఎన్ని ప్రమోషన్లొచ్చినా కలగలేదు.

అప్పటికి దవడ పూర్తిగా తెరుచుకుంది. దాంతో పాత మాటలన్నీ తిరిగొచ్చాయి. ‘సూక్ష్మజీవి భక్షక శ్వేత కణము’ మళ్లీ ఒక్క ఊపిరిలో పలికాను. పిల్లలు మళ్లీ వెనక్కి వాలి కూర్చున్నారు. ఆ తర్వాత పెద్దవాణ్ణయ్యాను, పేరు తెచ్చుకున్నాను, పాఠ్యపుస్తకాలకు మాటలు కూర్చే సంఘంలో కూడా కూర్చున్నాను. అక్కడ నేను కన్న మాటలు చూస్తే మా పండితుడు సిగ్గుపడేవాడు. ఇప్పుడు పళ్లు ఊడి, పొడుగు మాటలు నోట్లోనే జారిపోతుంటే, ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఇన్నేళ్లు అయ్యవారుగా బతికానే, నిజంగా పాఠం చెప్పింది మాత్రం నోరు తెరవలేకపోయిన ఆ ఒక్క రోజే.