హారతి లేకుండా కదిలిన కారు

నిన్న గద్వాలలో నాన్న పాత కారును తమ్ముడు బాగుచేస్తుంటే కార్బురేటర్‌లోంచి పెట్రోలు పొంగింది. ఆ పెట్రోలు వాసనకు నా పదో ఏడు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ కారు కదిలేముందు హారతి ఇచ్చేవాళ్లు కదూ?

ఆ రోజు అయిజలో నొప్పులు పడుతున్న అమ్మ వెనక సీట్లో ఉంది. కార్బురేటర్‌లో పెట్రోలును ఆపే సూది ఇరుక్కుని పెట్రోలు నేలమీదికి కారుతోంది. నాన్న స్క్రూడ్రైవర్ పిడితో దాన్ని మెల్లగా తడుతున్నాడు. అంతలో నాయనమ్మ వెలిగే కర్పూరంతో గడప దాటింది.

నేను ఉరికి, హారతిని ఊది ఆర్పేశాను.

"దేవుని హారతి నోటితో ఊదుతవా, పాపిష్టిదానా?" అని నాయనమ్మ చెయ్యెత్తింది.

"కొట్టకమ్మా! పెట్రోలు కారుతుంది, సూడు. అది ఊదకుంటే అందరం కాలిపోతుంటిమి," అన్నాడు నాన్న.

ఆయన మళ్లీ తట్టాడు. సూది వదిలింది. కారడం ఆగింది. తడి తుడిచి, హారతి లేకుండానే దవాఖానకు బయల్దేరాం. ఆ సాయంత్రం పుట్టినవాడే ఈ తమ్ముడు.

నిన్న కారు స్టార్టయ్యాక వాడు, "అక్కా, హారతి తే," అన్నాడు.

"ముందు కింద పెట్రోలు తుడువురా," అన్నాను.

రోజూ దేవుడి ముందు ఎన్నో తప్పులు ఒప్పుకుంటాను. ఆ ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.