విలన్‌కి నేను పుట్టించిన తమ్ముడు

డెబ్బైల్లో మా ముక్తేశ్వరం వైపు సినిమా అంటే చూసేవాళ్లు కొందరు, వినేవాళ్లు బోలెడుమంది. ఇంటికొకరు టూరింగ్ టాకీస్‌కి వెళ్లొస్తే చాలు, మిగతావాళ్లకి కథ చెప్పేవారు. మా వీధికంతటికీ చెప్పే పని నాది. గొప్పలు పోతున్నాననుకోకండి (పోతున్నాను లెండి), పేర్లు పడ్డం దగ్గర్నుంచి ఆఖర్న అందరూ వరసగా నిలబడి నవ్వేదాకా, ఫైటింగ్ చప్పుళ్లతో సహా చెప్పేదాన్ని. మధ్యాహ్నం మా దొడ్లో కొబ్బరాకుల నుంచి ఈనెలు తీసి చీపుళ్లు కట్టే ఆడవాళ్లు నేనొచ్చాకే కత్తి పట్టేవారు. అందరికంటే ముందు పీట వేసుకునేది మా మామ్మ. చర్చికి వెళ్లే మనిషి సినిమా హాలు గడప తొక్కకూడదని ఆవిడ పట్టుదల. "చూడ్డం తప్పు గానీ, మనవరాలు చెబితే వినడం తప్పేంటే?" అనేది.

ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో మేనత్తతో మొదటాటకి వెళ్లాను. ఒకే సినిమా పెట్టెని రెండు ఊళ్ల టాకీసులవాళ్లు పంచుకునేవారు. ఇక్కడ ఆడిన రీలు సైకిల్ మీద అక్కడికి వెళ్లేది, అక్కడిది ఇక్కడికొచ్చేది. ఆ రోజు సైకిల్ దారిలో పంచరైంది. నేల టిక్కెట్టు జనం ఈలలు వేస్తుంటే ఆపరేటరు చేతికందిన రీలు ఎక్కించేశాడు (ఇదంతా తర్వాత తెలిసింది). నాకు కనిపించిందల్లా ఏమిటంటే, కోట గోడ మీంచి పడి చచ్చిన విలన్ కాసేపటికి ఉయ్యాల బల్ల మీద కూర్చుని జామకాయ తింటున్నాడు. అత్తని అడుగుదామంటే గుర్రు పెట్టి నిద్రపోతోంది.

మర్నాడు దొడ్లో కథ చెబుతూ ఆ ఘట్టం దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుపోయాను. అర్థం కాలేదని ఒప్పుకుంటే నా పరువేం కాను? "చచ్చినవాడు అన్న. జామకాయ తినేవాడు కవల తమ్ముడు" అనేశాను. ఆడవాళ్ల చేతుల్లో కత్తులు ఆగిపోయాయి. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? తమ్ముడు మంచివాడేననీ, అన్న కొట్టి కొట్టి చెడగొట్టాడనీ, విడిపోయిన తల్లి కోసం చాటుగా ఏడుస్తాడనీ అల్లుకుంటూ, ఎలా ముగించాలో తెలీక వారం రోజులు సాగదీశాను. మామ్మ కళ్లొత్తుకుంటూ వినేది. రోజూ సాయంత్రం ఇంట్లో ప్రార్థనప్పుడు జబ్బు పడ్డవాళ్ల పేర్లు, పరీక్షలు రాసినవాళ్ల పేర్లు అయ్యాక, "ఆ తమ్ముడికి మారుమనసు దయచెయ్యి ప్రభువా" అనేది. నాన్నగారు ఒక కన్ను తెరిచి నా వంక చూసేవారు.

అప్పుడు తిరిగొచ్చింది మా కొత్త వదిన, అమలాపురంలో పుట్టింటికి వెళ్లి. దొడ్లో నా కథ కాసేపు విని, పాపం మర్యాదగానే, "ఆ సినిమా నేనూ చూసేనండి మామ్మగారూ. అందులో తమ్ముడెవరూ లేడండి. విలన్ ఒక్కడేనండి, ఆఖర్లో గోడ మీంచి పడిపోతాడు" అంది.

అందరూ నా వైపు తిరిగారు. బుకాయిద్దామనే అనుకున్నాను. కానీ వారం రోజులు దేవుడి ముందు మోకరించిన మామ్మ మొహం చూశాక మనసొప్పలేదు. నా కథలు ఇక ఎవరూ వినరని తెలిసే ఒప్పుకున్నాను. "లేడు మామ్మా. రీళ్లు అటూ ఇటూ అయ్యాయేమో, నాకర్థం కాక నేనే పుట్టించాను."

"అబద్ధం చెప్పడం తప్పు. రాత్రి ప్రార్థనలో ఒప్పుకో" అంది మామ్మ. నేను లేచి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికే? వారం నుంచీ వాడి గురించి అడుగుతున్నాను దేవుణ్ణి. ఇప్పుడు లేడంటే ఎలాగ? ముందు వాణ్ణి మార్చి వాళ్లమ్మ దగ్గరికి చేర్చు."

"ఆయ్, చేర్చండి పాపగారూ" అంది ఈనెలు తీసే ఆవిడ, "చేతులాడ్డం లేదు."

చేర్చాను. ఆ మధ్యాహ్నం చెప్పినట్టు నేను జన్మలో మళ్లీ చెప్పలేదు. గొంతు విని తల్లి కొడుకుని గుర్తుపట్టే చోట, అసలు సినిమా చూసొచ్చిన వదినే "తర్వాతేమైందమ్మా?" అంది.

ఆ తర్వాత పెద్ద పెద్ద హాళ్లలో ఎన్నో గొప్ప సినిమాలు చూశాను. రీళ్లన్నీ వరసలోనే ఉన్నాయి. అయినా ఆ పదిహేడేళ్ల పిల్ల పొగరు తలుచుకుంటే నవ్వొస్తుంది, దాన్ని చూస్తే కాస్త అసూయ కూడా. ఆ సినిమా పేరు నేనెప్పుడో మర్చిపోయాను. మా మామ్మ ప్రార్థన చేసి బాగుచేసుకున్న ఆ తమ్ముడు మాత్రం నావాడు.