గుప్పెడు మేత

చేపల మార్కెట్లో ఆమెను అందరూ రెండేట్లక్క అంటారు. ఎంత పెద్ద చేప తలైనా సరే, కత్తి ఆనించి, ఆ కత్తి వీపు మీద చెక్క సుత్తితో రెండు వేట్లు వేస్తుంది. మూడోది అక్కర్లేదు. పదిహేనేళ్లుగా అదే పీట, అదే సుత్తి. పొద్దున ఐదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా పొలుసు గీకడం, పొట్ట చీల్చడం, పేగులు బకెట్లోకి విసరడం. ఇంకా ఎగిరెగిరి పడుతున్న చేప ఉంటే తల మీద ఒక్కటిచ్చి ఆపడం. మోచేతుల దాకా నెత్తురు. మాట తక్కువ.

ఇంట్లో మాత్రం దెబ్బలు తినేది ఆమే. భర్త బస్సు డ్రైవరు. ప్రయాణికులు తిట్టిన తిట్లూ, డిపోలో పడ్డ చీవాట్లూ మూటగట్టుకుని నాలుగింటికి ఇంటికొస్తాడు. ఆ మూట విప్పేది ఆమె మీదే.

"ఏంటక్కా, పెదవి అలా ఉబ్బింది?" అంది ఆ రోజు పక్క పీట ఆవిడ.

"తలుపు తగిలింది."

"ఆదివారం చెవికీ తలుపేగా తగిలింది. మీ ఇంట్లో తలుపులకి వేళ్లున్నాయా ఏంటి? నీ చెంప మీద ఐదూ కనిపిస్తున్నాయి."

రెండేట్లక్క ఇంకో చేపను పీట మీదికి లాక్కుంది. ఆమె ధ్యాస పెదవి మీద లేదు. ఇంట్లో గాజు తొట్టిలో పిల్ల గోల్డ్‌ఫిష్ ఒకటి తెల్లవారేసరికి వెల్లకిలా తేలుతోంది. బొటనవేలంత ఉంటుంది. రెండు నెలల కిందట భర్తే తెచ్చాడు, బుజ్జోడని పిలుస్తాడు. "వాడికేమన్నా అయిందో, నీ పొట్ట కూడా చీరతా," అని చెప్పి మరీ డ్యూటీకి వెళ్లాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు.

పని కాగానే ఇంటికి పోయి, చేపపిల్లను సీసాలోకి తీసుకుని అక్వేరియం షాపుకు పరుగెత్తింది. షాపు ముసలాయన సీసాను వెలుగులోకి ఎత్తి చూశాడు.

"చచ్చిన చేపల డాక్టరమ్మకి బతికున్న పేషెంటు దొరికిందే!"

"నవ్వకు బాబాయ్. గాలితిత్తి ఉబ్బింది. అదెక్కడుంటుందో నాకు తెలుసు, రోజూ పీకి పారేసేదేగా. సన్న సూదితో ఒక్క పోటు పొడిస్తే గాలి పోదూ?"

"గాలితో పాటు ప్రాణమూ పోతుంది. తప్పు తిత్తిది కాదమ్మాయ్, తిండిది. పేగు నిండిపోయి తిత్తిని నొక్కేస్తోంది. ఎంతేస్తున్నారు మేత?"

"పొద్దున చిటికెడు."

"చిటికెడుకి ఇలా అవదు."

"మా ఆయన ఒక్కోసారి గుప్పెడేస్తాడు."

"ఎప్పుడు?"

కొట్టిన ప్రతిసారీ అతనికి ఏడుపొస్తుంది. తొట్టి ముందు కూలబడి, "నేను మంచోణ్ణి కాదురా బుజ్జోడా," అంటూ గుప్పెడు మేత నీళ్లలో చల్లుతాడు. ఆదివారం చెవి, ఒక గుప్పెడు. నిన్న పెదవి, ఇంకో గుప్పెడు. ఆమె వేలు దానంతటదే పెదవి మీదికి పోయింది. ముసలాయన అది చూసి చూపు సీసా మీదికి తిప్పుకున్నాడు.

"మూడు రోజులు ఒక్క గింజ కూడా వెయ్యొద్దు. తొట్టిలో నీళ్లు జానెడుకి తగ్గించు, పైకీ కిందికీ కొట్టుకోకుండా ఉంటుంది. నాలుగో రోజు బఠాణీ గింజ ఒకటి మెత్తగా ఉడికించి, తొక్క తీసి, పావు వంతు పెట్టు. ఈలోపు ఇంకో గుప్పెడు పడిందో, ఇక నా దగ్గరికి తేనక్కర్లేదు."

భర్తకు చెప్పింది. "పసివాణ్ణి పస్తు పెట్టాలా?" అని తొట్టి అద్దం నిమిరాడే గానీ కాదనలేదు. ఆ రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. పిల్ల వెల్లకిలా నుంచి పక్కకు ఒరిగింది.

మూడో రోజు ఎవడో ప్రయాణికుడు అందరి ముందూ అతని కాలరు పట్టుకున్నాడట. వస్తూనే మంచినీళ్లడిగాడు. ఇచ్చింది. గ్లాసులో చేప పొలుసు ఒకటి తేలింది.

"నా గ్లాసులో కూడా నీ కంపేనటే!"

గ్లాసు ఆమె నుదుటికి తగిలి పగిలింది. జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. కిందపడితే డొక్కలో తన్నాడు, బూటు కూడా విప్పలేదు. నెత్తురు కంట్లోకి దిగుతుంటే ఆమె ఎప్పటిలాగే మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. ఇక అయిపోయినట్టే, ఏడుపు మొదలవుతుంది అనుకుంది. మొదలైంది. ఆ వెంటనే మేత డబ్బా మూత తీసిన చప్పుడు.

దెబ్బలకు లేవని మనిషి ఆ చప్పుడుకు లేచింది. తలుపు పక్కన మార్కెట్ సంచి. అందులో చెక్క సుత్తి. అతని గుప్పిలి నీళ్ల మీదికి వచ్చింది. తల వెనక ఎక్కడ కొడితే ఏది ఆగుతుందో ఆమెకు తెలియనిది కాదు. మణికట్టు ఎంచుకుంది.

ఒక్క వేటే. లోపల ఎముక విరగడం ఆమెకు చేతిలో తెలిసింది.

మేత నేలంతా చిమ్మింది. నీళ్లలో ఓ పది గింజలు పడ్డాయి. అతను మోకాళ్ల మీద పడి అరుస్తుంటే ఆమె టీ జల్లెడ తెచ్చి, ఒక్కొక్క గింజనీ దేవి తీసింది. తర్వాతే అతని వైపు చూసింది.

"విరిగిందే! చెయ్యి విరగ్గొట్టేశావే!"

"విరిగింది. ఆస్పత్రికి పో."

"ఒక్కణ్ణేనా? నువ్వు రావా?"

"నీళ్లు మార్చాలి."

అతను అటునుంచి అటే వాళ్ల అక్క ఇంటికి పోయాడు. మర్నాడు ఆమె నుదుటికి కట్టు కట్టుకుని బఠాణీ ఉడకబెట్టింది. తొక్క ఒలిచి, పావు వంతు చిదిమి, వేలి కొసతో పిల్ల నోటి దగ్గర పెట్టింది. అది రెండుసార్లు ఉమ్మేసి, మూడోసారి మింగింది. సాయంత్రానికి దాని వెనక పచ్చని దారం వేలాడింది. తోక కిందికి దిగింది, తర్వాత పొట్ట. చీకటి పడక ముందే అది తొట్టి అడుగున తిన్నగా నిలబడి గులకరాళ్లను పొడుస్తోంది.

వారానికి అతను వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. గడప దగ్గరే ఆగి, "బతికాడా?" అన్నాడు.

"చూడు."

బుజ్జోడు అతన్ని చూడగానే అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆకలేస్తున్నట్టుందే వాడికి," అంటూ ఎడమచెయ్యి డబ్బా మీదికి చాచాడు. డబ్బా పక్కనే సుత్తి ఉంది.

రెండేట్లక్క కుర్చీలోంచి లేవలేదు.

"ఇంక నీకు ఆ చెయ్యొక్కటే ఉంది," అంది. "దాంతోనే తినాలి నువ్వు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.