గుర్రం అని రాయక తప్పలేదు

మొయినాబాద్‌లో నా పరువు ఒక గుర్రమెక్కి పోయింది. ఆ గుర్రాన్ని వేసింది నేనే. కథ విన్నాక నన్ను వెనకేసుకు రావాలని చూడకండి, మీవల్ల కాదు.

నాది చేవెళ్లలో బోర్డులు రాసే పని. కోళ్ల ఫారమైనా, ఎరువుల దుకాణమైనా, స్కేలు పెట్టకుండా అక్షరం నిలబెడతాను. బొమ్మలు మాత్రం రావు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

మా ఊరి కాన్వెంటులో సిస్టర్ నిర్మల ముప్పై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నారు. ప్రార్థనకూ పాఠాలకూ మధ్య తీరిక దొరికితే తానూ వేస్తారు. ఆమధ్య బడి గోడ మీద మరియమ్మను వేశారు. అచ్చం మా రైతు ఆడమనిషే: చంకన బిడ్డ, నెత్తిన టమాటా గంప. కింద ‘పిల్లలకు స్వాగతం’ అని రాయడానికి నన్ను పిలిచారు.

రాశాను. చూడవచ్చిన వాళ్లంతా గంపనే చూశారు. "టమాటలు జూడు, చేత్తో తీస్కోవాలనిపిస్తున్నది!" నా ‘స్వా’ కింద వ ఒత్తు తిరిగిన వంపును ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. నా కడుపు మంట మీద ఆ టమాటాలన్నీ పచ్చడి చేయొచ్చు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. బోర్డు మూలన రాసినవాడి పేరుంటుంది. సిస్టర్ ఏ బొమ్మకూ పేరు పెట్టరు.

"మీ పేరు రాయాల్నా సిస్టర్?" అని అడిగాను.

"నాకెందుకు శ్రీనన్నా? మీ అక్షరాలకు మీ పేరు రాస్కోండ్రి."

రాసుకున్నాను. అయితే మూలన కాదు. మరియమ్మ పాదాల దగ్గర, గంపంత సైజులో: ‘శ్రీను ఆర్ట్స్, చేవెళ్ల’.

పది రోజులకు మొయినాబాద్ పక్కనున్న అజీజ్‌నగర్ నుంచి ఒక ఫాంహౌస్ యజమాని వెతుక్కుంటూ వచ్చాడు.

"బడి గోడ మీద బొమ్మ నువ్వే వేసినవా?"

"మేమే సార్."

ఆ ‘మేమే’లో సిస్టర్ కూడా ఉన్నారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"అయితే మా లాయం గోడకు మా గుర్రాన్ని వెయ్యి."

మూడు రోజులు వేశాను. మొదట కాళ్లు పొట్టివయ్యాయి. వాటిని పెంచితే మెడ పొట్టిదయింది. మెడ సాగదీస్తే ఒంటెకు దూరపు చుట్టమైంది. ఇక దారి తోచక, నాకొచ్చిన ఒక్క విద్యనే వాడాను. కింద అడుగెత్తు అక్షరాలతో, నీడలు తేల్చి, ‘గుర్రం’ అని రాశాను.

ఫాంహౌస్ వాచ్‌మన్ మల్లేశ్ చాలాసేపు చూశాడు. "మంచిగ రాసినవన్నా. లేకుంటే నేను బర్రె అనుకుంటుంటి."

యజమాని అంతకంటే ఎక్కువసేపు చూశాడు. "ఆ బడిల ఒక సిస్టర్ బొమ్మలు నేర్పిస్తరట గద? జర ఆమెతోని సరిచేయిద్దాం."

అసలు గుర్రం తినే గడ్డిలో దూరిపోవాలనిపించింది.

సిస్టర్ పాత స్కూటీ మీద, భుజాన రంగుల సంచితో వచ్చారు.

"మీ గోడ వేసింది ఈయనే గద సిస్టర్? ఇక్కడ జూడండ్రి, గిట్ల చేసిండు."

సిస్టర్ నావైపు చూశారు. కోపంగా చూసినా బాగుండేది.

"బడి గోడ మీద శ్రీనన్న అక్షరాలు చాన మంచిగున్నయి సార్" అన్నారు.

అబద్ధం చెప్పలేదు, నన్ను పట్టివ్వనూ లేదు. నమ్మండి, ఆ మంచితనం మీద కూడా నాకు అసూయ పుట్టింది. అదీ నా దగ్గర లేదు మరి! కానీ ఇక ఓపిక పట్టలేకపోయాను.

"సార్, ఆ బొమ్మ సిస్టర్‌ది. నాకు బొమ్మలు రావు. నాది పేరొక్కటే."

"పేరొక్కటేనా?" అన్నాడు యజమాని. "మస్తు పెద్దగున్నది గద!"

సిస్టర్ ఒక్క పూటలో గుర్రాన్ని గుర్రం చేశారు. నేను బుద్ధిగా రంగులు కలిపి అందించాను. మర్నాడు బడి గోడ మీద నా పేరు చెరిపి, ఆమె వద్దంటున్నా ‘బొమ్మ: సిస్టర్ నిర్మల’ అని రాశాను.

కాబట్టి పాఠకులారా, కుంచె పట్టిన ఈ చేతిమీద ఒట్టు: ఇంకొకరి బొమ్మ కింద ఈ జన్మలో నా పేరు రాయను. అసూయ మానేస్తానని మాత్రం ఒట్టు పెట్టలేను. శనివారాలు సిస్టర్ క్లాసుకు వెళ్తున్నాను, నా పక్కన కూర్చునే మూడో తరగతి పిల్ల పిల్లిని నాకంటే బాగా వేస్తోంది.