శవపేటిక పక్కన సెబ్యో కెమెరా

మా మలబోన్ ఊళ్ళో సెబ్యో కెమెరా పట్టుకుని గడప దాటని ఇల్లు లేదు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చివరికి శవపేటికలు, అన్నీ అతనే తీసేవాడు. చేపల సంత వెనక ఇరుకు స్టూడియో. పెళ్ళాం పిల్లలు లేరు. వయసులో పెద్దవాడు గనక అందరం మాంగ్ సెబ్యో అనేవాళ్ళం. ఏడుస్తున్నవాళ్ళను కూడా మెల్లగా మాట చెప్పి వరసలో నిలబెట్టగలడు.

సైనిక శిబిరంలో సిపాయిల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసేదీ అతనే. మావాళ్ళలో ఆ గేటు లోపలికి నడిచివెళ్ళి, నవ్వుతూ బయటికొచ్చే మనిషి అతనొక్కడే. అది నా మనసులో ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉండేది.

మిలిటరీ పాలన రోజులవి. నా కొడుకు ఎల్మర్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో సమ్మె చేయించాడు. ఆ తరవాత చేపల చెరువులో శవమై తేలాడు. ఎదురుకాల్పుల్లో పోయాడని సిపాయిలు మాకు చెప్పారు. మణికట్లకు తాడు ఒరుసుకున్న గుర్తులు మాత్రం కన్నతల్లిని నేనే కడిగాను. హత్యకు గురైనవాడి శవపేటిక మీద కోడిపిల్లను వదలడం మా అలవాటు. అది గింజలు పొడిచినట్టే చంపినవాడి మనసును పొడుస్తుందని నమ్మకం. ఎల్మర్ ముఖం కనపడేలా మూతకు బిగించిన అద్దం మీద నేనూ ఒక కోడిపిల్లను వదిలి, నాలుగు మెతుకులు వేశాను. ఇది హత్యేనని నేను చాటినట్టయిందని భయపడి, చుట్టాలు కొందరు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

ఎల్మర్ స్నేహితులు మాత్రం వచ్చారు. వాళ్ళలో విర్జీ అనే పిల్ల అప్పటికే ఇళ్ళు మారుతూ దాక్కుంటోంది. వీధిలో సిగరెట్లమ్మేవాడొకడు నిలబడి ఉన్నాడు. అంతకుముందు వాణ్ణి మా వీధిలో ఎవరూ చూడలేదు. శవపేటిక పక్కన అందరూ కలిసి ఫోటో దిగడం మాకు మామూలే. కానీ ఆ రోజు మాంగ్ సెబ్యో వదిలితేనా. ఇంకొకటి, ఇంకొకటి అంటూ ఫ్లాష్ వెలిగిస్తూనే ఉన్నాడు. విర్జీ నా భుజం వెనక నిలబడింది. ఇన్ని ఫోటోలెందుకు ఇతనికి అనుకున్నాను.

ఆ వారం తిరక్కుండానే విర్జీని సిపాయిలు జీపులో ఎక్కించుకుపోయారు.

ఫోటోలడిగితే మాంగ్ సెబ్యో ఫిల్మ్ కడిగే మందు అయిపోయిందన్నాడు. మళ్ళీ అడిగితే కరెంటు లేదన్నాడు. పొరుగింటి బినింగ్, శిబిరానికి ఇచ్చాక మిగిలితే నీకిస్తాడులే అని దెప్పింది. మిగతా పిల్లల ముఖాలు కూడా ఆ రీలులో ఉన్నాయి. అవి బయటపడితే ఇంకెన్ని శవపేటికలు లేస్తాయోనని నాకు అన్నం సహించలేదు. ఒక మధ్యాహ్నం నేరుగా స్టూడియోకి వెళ్ళాను.

అతని పెదవి చిట్లి ఉంది. చెవి కమిలి ఉంది. అయినా నాకు జాలి కలగలేదు. ఇదీ నాటకమేనేమో అనిపించింది.

"నా కొడుకు రీలు ఇవ్వండి. మొత్తం ఇవ్వండి," అన్నాను.

ఒక చిన్న ఫిల్మ్ ముక్క నా చేతిలో పెట్టాడు. కిటికీకెత్తి చూశాను. ఎల్మర్ ముఖం, అద్దం మీద కోడిపిల్ల, తాళ్ళు ఒరుసుకున్న చేతులు. అంతే.

"మరి మేమెక్కడ? మమ్మల్నందరినీ తీశారుగా?"

"తియ్యలేదు, చోలెంగ్. మీరు నిలబడేసరికి ఫిల్మ్ తీసి చొక్కాలో పెట్టేశాను. ఖాళీ కెమెరానే."

"మరి ఆ ఫ్లాషులు?"

"ఆ సిగరెట్లవాడి కోసం. మీ ముఖాలన్నీ నా దగ్గరున్నాయనుకుంటే మీ ఇళ్ళకి కాకుండా ముందు నా దగ్గరికే కదా వచ్చేది. వచ్చారు. వెలుతురు తగిలి పాడైన రీలొకటి ఇచ్చాను. కడిగి చూసుకుని, అందులో ఏమీ లేదని మళ్ళీ వచ్చారు." చెవి తడుముకున్నాడు. "నీకు చెబితే నీ ముఖంలో తెలిసిపోయేది."

"అయితే విర్జీని ఎవరు పట్టిచ్చారు?"

"నాకేం తెలుసు. నువ్వు నన్ననుకున్నావు. నేనేమో ఆ రోజు కాఫీ పంచిన మీ బినింగ్‌ననుకున్నాను. ఇలాగే ఉంటాం ఇక."

కొడుకు పక్కన నిలబడిన ఫోటో ఒక్కటైనా నాకు లేదని అప్పుడర్థమైంది. అతను నేలచూపులు చూస్తూ అడిగాడు. రాబోయే నిరసన ఊరేగింపుకి కొందరు చిత్రకారులు పెద్ద గుడ్డ మీద బొమ్మ వేస్తున్నారట. ఆ కోడిపిల్ల ఫోటో వాళ్ళకి కావాలట.

ఆ చిత్రకారులెవరని అడిగాను. పేర్లు చెప్పనన్నాడు. చెప్పకపోవడం వల్లనే కాస్త నమ్మాను. అయినా పూర్తిగా కాదు.

"నా ఎదురుగా ఒక్క ప్రింటే తియ్యండి. ఫిల్మ్ ముక్క నాతోనే ఉంటుంది," అన్నాను.

"నేనైనా అంతే అంటాను," అని లేచి చీకటి గది తలుపు తెరిచాడు. నేనూ లోపలికి వెళ్ళాను. అతని చేతుల మీంచి చూపు తిప్పకుండా, పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.